పందేన్ని ‘ట్రేడింగ్’ అంటే లెక్క మారుతుందా? ఖరగ్‌పూర్ రైలు పట్టణానికి చేరుతున్న కొత్త జూదం

క్రికెట్ సీజను మొదలైతే సెల్‌ఫోన్లకు ఒక సందేశం రావడం ఇప్పుడు మామూలైపోయింది. ‘ఇది బెట్టింగ్ కాదు, ట్రేడింగ్. ఏ జట్టు గెలిచినా మీకు లాభమే’ అన్నది దాని సారాంశం. వాట్సాప్‌లో ఒక ‘ఐడీ’ ఇస్తారు, యూపీఐ ద్వారా కొంత సొమ్ము వేయించుకుంటారు, ఆ తరువాత స్క్రీన్ మీద నీలం, గులాబీ రంగుల గడుల్లో అంకెలు కదలడం మొదలవుతుంది. చూడటానికి అది షేర్ మార్కెట్ తెరలాగే ఉంటుంది. దేశంలోని ఏ పట్టణానికైనా చేరే ఈ ఆహ్వానానికి పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ మినహాయింపు కాదు. నెలనెలా జీతం పడే బ్యాంకు ఖాతాలు, షిఫ్టుల మధ్య ఖాళీ గంటలు, తరతరాల క్రికెట్ అభిమానం ఒకేచోట ఉన్న ఊరు అది.

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడింది. ఆ కంపెనీ ఖరగ్‌పూర్‌లో నెలకొల్పిన వర్క్‌షాపు, లోకో షెడ్లు, యార్డులు ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి వేలాది కుటుంబాలను అక్కడికి రప్పించాయి. నింపురా, మథురాకాటి, మలంచా ప్రాంతాల్లో తెలుగు నేటికీ ఇంటి భాషగా, వీధి భాషగా వినిపిస్తుంది. 2020 డిసెంబరులో రాష్ట్ర మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా కల్పించడానికి ఈ జనసంఖ్యే ప్రధాన కారణం. మహేంద్ర సింగ్ ధోనీ 2001 నుంచి 2003 వరకు టికెట్ తనిఖీ ఉద్యోగిగా పనిచేసింది ఈ స్టేషన్‌లోనే. రైల్వే మైదానంలో ఆడిన కుర్రవాడు ప్రపంచ కప్పు ఎత్తడాన్ని చూసిన పట్టణంలో, ఆటను తమకంటే బాగా ఎవరు అర్థం చేసుకోగలరన్న ధీమా సహజంగానే ఉంటుంది. ‘ట్రేడింగ్’ సందేశం తాకేది సరిగ్గా ఆ ధీమానే.

ఈ సందేశాన్ని వట్టి మోసమని కొట్టిపారేయడం తేలిక. కానీ అందులో కొంత నిజం ఉంది. ఆ నిజం ఎంత, అది ఎక్కడ ఆగిపోతుంది అన్నది అర్థమైతే తప్ప ఎదుటివారి వాదనలోని లోపం బయటపడదు.

పైపందెం నుంచి ఎక్స్ఛేంజీ వరకు

మామూలు బుకీ దగ్గర ధర నిర్ణయించేది బుకీయే. పందెం కాసేవాడికి ఎదుటి పక్షం ఎప్పుడూ అతడే. 2000 సంవత్సరంలో లండన్‌లో ఆండ్రూ బ్లాక్, ఎడ్వర్డ్ రే ప్రారంభించిన బెట్‌ఫెయిర్ ఈ పద్ధతిని తలకిందులు చేసింది. ఇక్కడ పందెం ఇద్దరు ఖాతాదారుల మధ్య జరుగుతుంది. ఒకరు ఫలానా జట్టు గెలుస్తుందని కాస్తారు, దాన్ని ‘బ్యాక్’ అంటారు. మరొకరు గెలవదని కాస్తారు, అది ‘లే’. సంస్థ ఇద్దరి సొమ్మునూ పట్టి ఉంచి, గెలిచినవారి నికర లాభం నుంచి కమిషన్ తీసుకుంటుంది. తొలి కాలంలో ఆ కమిషన్ సాధారణంగా 5 శాతం.

తెలుగువారికి ఇది కొత్త సంగతేమీ కాదు. సంక్రాంతి బరిలో కోళ్ల యజమానుల మధ్య పందెం ఒకటైతే, చుట్టూ నిలబడినవాళ్లు తమలో తాము కాసుకునే పైపందేలు మరొకటి. ఆ పైపందెం కంప్యూటర్‌లోకి ఎక్కితే ఎక్స్ఛేంజీ అవుతుంది. ఉత్తరాది బుకీల పరిభాషలో దశాబ్దాలుగా ఉన్న ‘లగాయి’, ‘ఖాయి’ అనే మాటలు కూడా ఈ బ్యాక్, లేలకు పర్యాయపదాలే.

ఆట సాగుతున్నంతసేపూ ధర మారుతూ ఉంటుంది కాబట్టి, పందెం కాసినవారు ఆట ముగిసేవరకు ఆగనక్కరలేదు. వ్యూహమంతా ఇక్కడే ఉంది. ఒక జట్టు గెలుపు ధర 2.00 ఉన్నప్పుడు వెయ్యి రూపాయలు బ్యాక్ చేశారనుకుందాం. ఓపెనర్లు నిలదొక్కుకున్నారు, ధర 1.80కి దిగింది. ఇప్పుడు అదే జట్టు మీద 1,111 రూపాయలకు లే చేస్తే, ఆ జట్టు గెలిచినా ఓడినా 111 రూపాయల లాభం ఖాయమవుతుంది. కమిషన్ పోగా చేతికి వచ్చేది సుమారు 105 రూపాయల 50 పైసలు. ‘ఏ జట్టు గెలిచినా లాభమే’ అన్న ప్రచారానికి ఆధారం ఇదే. ఈ గణితంలో తప్పు లేదు.

ప్రచారం చెప్పనిది రెండో సగం. అదే వెయ్యి రూపాయల పందెం తరువాత రెండు వికెట్లు పడి ధర 3.00కి పెరిగిందనుకుందాం. ఇక చాలని బయటపడాలంటే 667 రూపాయలు లే చేయాలి. అప్పుడు ఏ జట్టు గెలిచినా 333 రూపాయల నష్టం ఖాయమవుతుంది. మూడు లాభాలను ఒక్క నష్టం మింగేస్తుంది. నాలుగు సార్లలో మూడు సార్లు ధర అనుకూలంగా కదిలితే కమిషన్ లేనప్పుడు లెక్క సరిగ్గా సున్నా. ధరలు న్యాయంగా ఉన్న మార్కెట్‌లో 2.00 దగ్గర మొదలైన ధర 3.00 కంటే ముందు 1.80ని తాకే అవకాశం కచ్చితంగా 75 శాతమే. కమిషన్ కలిస్తే నష్టం రాకుండా ఉండాలన్నా దాదాపు 76 శాతం సార్లు గెలవాలి. ఆ ఒక్క శాతం తేడా వల్ల ప్రతి వెయ్యి రూపాయల పందెం మీద సగటున నాలుగు రూపాయలకు పైగా కరిగిపోతుంది. చిన్న మొత్తంలాగే కనిపిస్తుంది. అయితే ఈ పద్ధతిని బోధించేవారు రోజుకు పది, ఇరవై సార్లు కొనుగోలు, అమ్మకం చేయమని చెబుతారు.

నాలుగింట మూడు సార్లు గెలవడంలో మరో చిక్కు ఉంది. గెలిచే అలవాటు పడుతుంది. వారం రోజుల పాటు వరుసగా వంద రూపాయల చొప్పున లాభం చూసిన వ్యక్తి తనకు విద్య పట్టుబడిందనుకుంటాడు, పందెం మొత్తాన్ని పెంచుతాడు. పెద్ద నష్టం వచ్చేది సాధారణంగా ఆ తరువాతే. అప్పుడు కూడా ముందు అనుకున్న చోట ఆగి బయటపడేవారు అరుదు. ‘ఇంకొక్క ఓవర్ చూద్దాం’ అన్న ఆలోచన దగ్గర వ్యూహం ముగిసి పాత జూదం మళ్లీ మొదలవుతుంది. పైగా క్రికెట్‌లో ధర మెట్లు దిగుతూ రాదు. ఒక్క బంతికి ఒక్క దూకులో 2.00 నుంచి 2.50కి పోవచ్చు, మధ్యలో బయటపడే తలుపు ఉండదు. ‘లే’ చేసేవారి ప్రమాదం మరింత ఎక్కువ. 5.00 ధర దగ్గర వెయ్యి రూపాయలు లే చేసినవారికి వచ్చే లాభం వెయ్యి, పోయేది నాలుగు వేలు.

మరి లాభపడేవారే లేరా అంటే ఉన్నారు. బెట్‌ఫెయిర్ సంస్థ 2008లో నిరంతరం గెలిచే ఖాతాల మీద ‘ప్రీమియం చార్జ్’ పేరిట అదనపు రుసుము విధించింది. 2011లో అత్యధిక లాభదారులకు దాన్ని లాభంలో 60 శాతం వరకు పెంచింది. నైపుణ్యం ఉన్నవారు ఉన్నారనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు. ఆ నైపుణ్యపు ఫలం ఎవరికి ఎంత మిగులుతుందో చెప్పడానికీ అదే సాక్ష్యం. అక్కడ గెలిచేవారిలో చాలామంది ఆటగాళ్ల ఫామ్ గురించి ఆలోచించేవారు కారు. వేలాది మ్యాచ్‌ల దత్తాంశంతో ధర లెక్కగట్టే ప్రోగ్రాములు, వాటికి మించి వేగం వారి ఆయుధాలు.

వేగం అన్నది ఇక్కడ అసలు మాట. టీవీలో, మొబైల్ యాప్‌లో కనిపించే బంతి మైదానంలో పడిన బంతి కంటే కొన్ని సెకన్లు ఆలస్యంగా వస్తుంది. మైదానంలో కూర్చుని ఫోన్‌లో సమాచారం చేరవేసే మనిషి ఉన్నవారికి ఆ కొన్ని సెకన్లే ఆస్తి. 2014 జనవరిలో మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియన్ ఓపెన్ టెన్నిస్ జరుగుతుండగా ఈ పని చేస్తున్న ఒక బ్రిటిష్ యువకుడిని పోలీసులు అరెస్టు చేశారు, రెండు నెలల్లో ఆ అభియోగాన్ని ఉపసంహరించుకున్నారు. 2021 ఐపీఎల్ సమయంలో ఢిల్లీ కోట్లా మైదానంలో ఒక పారిశుద్ధ్య కార్మికుడిని ఇందుకు వాడుకున్నారని బీసీసీఐ అవినీతి నిరోధక విభాగం అధిపతి అప్పట్లో వెల్లడించారు. ఖరగ్‌పూర్ క్వార్టర్స్‌లో టీవీ ముందు కూర్చుని వికెట్ పడగానే మీట నొక్కేవారు, ఆ వికెట్ సంగతి అప్పటికే తెలిసినవారికి తమ సొమ్మును అప్పగిస్తున్నట్టే. క్రికెట్ పరిజ్ఞానం ఎంత ఉన్నా ఆ సెకన్లను అది కొనలేదు.

చట్టబద్ధంగా నడిచే ఎక్స్ఛేంజీలు కూడా తప్పులకు అతీతం కావు. 2011 డిసెంబర్ 28న ఐర్లాండ్‌లోని లెపర్డ్స్‌టౌన్ పందేల్లో వోలే లా వేదెత్ అనే గుర్రం గెలుపు దిశగా పరుగెడుతుండగా, దాని మీద 29 ధర దగ్గర రెండు కోట్ల పది లక్షల పౌండ్ల మేర ‘లే’ ప్రతిపాదన తెర మీద కనిపించింది. గుర్రం గెలిచింది. ఆ పందేలన్నీ చెల్లించవలసి వస్తే బాధ్యత దాదాపు 60 కోట్ల పౌండ్లు. ఒక ఖాతాదారుడి కంప్యూటర్ ప్రోగ్రాం, సంస్థ వ్యవస్థలోని లోపం కలిసి సృష్టించిన ఆ ప్రతిపాదనకు వెనుక అంత సొమ్ము లేనే లేదు. పరుగు మధ్యలో జరిగిన పందేలన్నిటినీ బెట్‌ఫెయిర్ రద్దు చేసింది. లైసెన్సు, ఆడిట్లు, నియంత్రణ సంస్థ అన్నీ ఉన్న చోట జరిగిన సంగతి ఇది.

పేరు ఎక్స్ఛేంజీ, వెనుక ఉన్నది ఏజెంటు

వాట్సాప్‌లో వచ్చే ‘ఐడీ’ వెనుక ఇవేవీ ఉండవు. ఆ వెబ్‌సైట్లు ఎక్స్ఛేంజీ రూపాన్ని, రంగులను అరువు తెచ్చుకుంటాయి. ఖాతాలో కనిపించే అంకె ఏ బ్యాంకులోనూ నిల్వ ఉన్న సొమ్ము కాదు, ఏజెంటు రాసిపెట్టిన పద్దు మాత్రమే. ఎదుటి పక్షం మరో ఖాతాదారుడని చెప్పే ఆధారమూ ఉండదు. నష్టం వస్తే వెంటనే వసూలు చేస్తారు. లాభం పెరిగితే ‘సర్వర్ సమస్య’ అంటారు, లేదా ఐడీ మూసేస్తారు.

మహాదేవ్ యాప్ కేసు ఈ నిర్మాణాన్ని బయటపెట్టింది. ఆ కేసు మూలాలు ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయిలో ఉన్నాయి. పాత బెంగాల్ నాగ్‌పూర్ రైలుమార్గం మీద ఖరగ్‌పూర్‌కు తోబుట్టువు లాంటి పారిశ్రామిక పట్టణమది, అక్కడా తెలుగు కుటుంబాలు గణనీయంగా ఉన్నాయి. యూఏఈలోని ప్రధాన కార్యాలయం నుంచి, పరిచయస్తులకు 70–30 నిష్పత్తిలో లాభాల వాటాతో ‘ప్యానెళ్లు’ అప్పగించి ఈ వ్యాపారం నడిపారని ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ ప్రకటించింది. ఆ సంస్థ కోరిక మేరకు 2023 నవంబర్ 5న కేంద్రం మహాదేవ్ సహా 22 అక్రమ బెట్టింగ్ యాప్‌లను, వెబ్‌సైట్లను నిరోధించింది. ప్యానెల్ నడిపేవారి ఆదాయం ఖాతాదారుల నష్టంలో వాటా అయినప్పుడు, వారే ‘ఈ రోజు ట్రేడింగ్ కాల్స్’ ఎందుకు పంపుతారన్న ప్రశ్నకు వేరే సమాధానం వెతకనక్కరలేదు.

ఈ మోసం ఎదురైనవారు కోర్టుకు వెళ్లగలరా? 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్ ప్రకారం పందెం రూపంలోని ఒప్పందం చెల్లదు. గెలిచిన పందెం సొమ్ము ఇప్పించమని దావా వేయడం కుదరదు. నూట యాభై ఏళ్ల కిందటి ఆ ఒక్క సెక్షన్ ముందు, ఎన్ని వ్యూహాలు నేర్చినా తెర మీది లాభం హక్కుగా మారదు.

జూదం, పందేలు రాజ్యాంగంలో రాష్ట్రాల జాబితాలోనివి. పశ్చిమ బెంగాల్‌లో 1957 నాటి చట్టం అమలులో ఉంది. బ్రిడ్జ్, పోకర్, రమ్మీ వంటి పేకాటలను ఆ చట్టం జూదం నిర్వచనం నుంచి తప్పించింది కానీ, క్రికెట్ పందేలకు ఆ వెసులుబాటు లేదు. గుర్రప్పందేల విషయంలో మాత్రం చట్టబద్ధమైన మార్గం ఉంది. 1967లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి, సత్యనారాయణ అనే వ్యక్తికి మధ్య నడిచిన కేసులో రమ్మీ ప్రధానంగా నైపుణ్యపు ఆట అని సుప్రీంకోర్టు చెప్పింది. 1996లో గుర్రప్పందేల గురించీ అదే మాట చెప్పింది. ‘ట్రేడింగ్ నైపుణ్యం కాబట్టి చట్టబద్ధం’ అని వాదించేవారు ఆశ్రయించేది ఈ తీర్పులనే.

2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ ప్రోత్సాహక, నియంత్రణ చట్టం ఆ వాదనకు పునాది తీసేసింది. ఆగస్టు 20న లోక్‌సభ, 21న రాజ్యసభ ఆమోదించిన బిల్లుకు 22న రాష్ట్రపతి ఆమోదం లభించింది. సొమ్ము పెట్టి సొమ్ము ఆశించే ఆన్‌లైన్ ఆట నైపుణ్యంతో కూడినదైనా, అదృష్టంతో కూడినదైనా, రెండూ కలిసినదైనా ఈ చట్టం కింద నిషిద్ధమే. అటువంటి ఆటలు నడిపేవారికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ప్రకటనలు ఇచ్చేవారికి రెండేళ్ల వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా. లావాదేవీలకు సహకరించే సంస్థలకూ శిక్షలున్నాయి. దాదాపు 45 కోట్ల మంది ఏటా 20,000 కోట్ల రూపాయలు ఇలా పోగొట్టుకుంటున్నారన్నది బిల్లు సమయంలో ప్రభుత్వ వర్గాలు చెప్పిన అంచనా. చట్టాన్ని సవాలు చేస్తూ వివిధ హైకోర్టుల్లో దాఖలైన పిటిషన్లను సుప్రీంకోర్టు సెప్టెంబరులో తనకు బదిలీ చేసుకుంది.

నిషేధమే పరిష్కారమా అన్న చర్చ పాతదే. ఐపీఎల్ కుంభకోణం తరువాత జస్టిస్ లోధా కమిటీ 2016 జనవరిలో బెట్టింగ్‌ను చట్టబద్ధం చేయాలని సూచించింది. 2018 జులైలో లా కమిషన్ తన 276వ నివేదికలో, పూర్తి నిషేధం సాధ్యం కానప్పుడు కట్టుదిట్టమైన నియంత్రణే మార్గమని చెప్పింది. చీకటిలో జరిగేదాన్ని వెలుగులోకి తెస్తే పన్నూ వస్తుంది, మ్యాచ్ ఫిక్సింగ్ జాడలూ దొరుకుతాయి అన్నది ఆ వాదన. అందులో బలం లేకపోలేదు. ఆటగాళ్లను కొనే ముఠాలను పట్టుకోవడానికి పందేల దస్త్రాలు నిజంగానే ఉపయోగపడతాయి. అయితే పైన చూసిన నాలుగు రూపాయల లెక్క లైసెన్సుతో మారదు. నియంత్రిత మార్కెట్‌లో మోసం తగ్గుతుంది, ఓటమి తగ్గదు. సెబీ అధ్యయనం ప్రకారం 2022 నుంచి 2024 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్స్, ఆప్షన్స్ విభాగంలో 93 శాతం మంది వ్యక్తిగత ట్రేడర్లు నష్టపోయారు. వారి మొత్తం నష్టం 1.8 లక్షల కోట్ల రూపాయలకు పైనే. పటిష్ఠమైన నియంత్రణ ఉన్న మార్కెట్‌లోని చిత్రమే అది. సంఘటనల ఫలితాల మీద ‘అవును’, ‘కాదు’ అంటూ కొనుగోళ్లు జరిపించే ఒపీనియన్ ట్రేడింగ్ వేదికలు తమ పరిధిలోకి రావని, అక్కడ మదుపరులకు రక్షణ ఉండదని 2025 ఏప్రిల్ 29న సెబీ విడిగా హెచ్చరించింది. ట్రేడింగ్, స్టాప్ లాస్ వంటి మార్కెట్ మాటలు వాడినంత మాత్రాన ఏదీ మార్కెట్ కాబోదన్నది ఆ హెచ్చరిక ఉద్దేశం.

ఉద్యోగం, ఖాతా, ఊరు

ఖరగ్‌పూర్‌లో ఈ విషయానికి మరో కోణం ఉంది. 1966 నాటి రైల్వే సేవల ప్రవర్తనా నియమావళి ప్రకారం ఉద్యోగి షేర్లు, సెక్యూరిటీలు, ఇతర పెట్టుబడుల్లో సట్టా వ్యాపారం చేయరాదు. తరచుగా కొనడం, అమ్మడం సట్టాగానే పరిగణిస్తారు. అలవాటుగా అప్పులపాలు కాకుండా సొంత వ్యవహారాలను చక్కదిద్దుకోవలసిన బాధ్యతనూ అదే నియమావళి ఉద్యోగి మీద పెట్టింది. చట్టబద్ధమైన షేర్ల విషయంలోనే ఇంత కట్టడి ఉన్నప్పుడు, నిషిద్ధమైన పందేన్ని ‘ట్రేడింగ్’ అని సమర్థించుకోవడం శాఖాపరమైన విచారణలో ఉద్యోగికి ఏ మేలూ చేయదు. తాత గ్యాంగ్‌మన్‌గా చేరి, తండ్రి ఫిట్టర్‌గా ఎదిగి, మూడో తరం పరీక్ష రాసి సంపాదించుకున్న కొలువు అది. పోయిన సొమ్మును ఓవర్‌టైం చేసి తిరిగి తెచ్చుకోవచ్చు, సర్వీసు పుస్తకంలో పడిన మచ్చను తుడవడం అంత సులభం కాదు.

యువతకు ఎదురయ్యే ప్రమాదం ఇంకొకటి. పందెం కాయనక్కరలేదు, నీ బ్యాంకు ఖాతా, ఏటీఎం కార్డు, సిమ్ కొన్నాళ్లు ఇస్తే నెలకు కొంత ఇస్తామంటారు. బెట్టింగ్ ముఠాలు సొమ్ము మళ్లించేది ఇలాంటి అద్దె ఖాతాల ద్వారానే. వీటిని పసిగట్టడానికి రిజర్వ్ బ్యాంకు అనుబంధ ఇన్నొవేషన్ హబ్ ‘మ్యూల్‌హంటర్’ అనే కృత్రిమ మేధ సాధనాన్ని రూపొందించింది. ఖాతా స్తంభించిన తరువాత పోలీసులు ముందుగా వెతుక్కుంటూ వచ్చేది ఆ ఖాతా ఎవరి పేరున ఉందో వారి కోసమే. తెర వెనుక ఉన్నవారు అప్పటికే మరో ఖాతాకు మారి ఉంటారు. తెలుగుకు రాష్ట్రంలో లభించిన అధికార హోదాను ఇటువంటి హెచ్చరికలను తెలుగులో ఇంటింటికీ చేర్చడానికి వాడుకుంటే, ఆ హోదాకు ఒక నిత్యోపయోగం దొరుకుతుంది.

సొమ్ము పోగొట్టుకున్నవారు ఫిర్యాదుకు వెనకాడటానికి ప్రధాన కారణం తామూ నేరస్థులమవుతామన్న భయం. 2025 కేంద్ర చట్టం ఆడినవారికి శిక్ష విధించలేదు, వారిని బాధితులుగానే చూసింది. అయితే సెలవులకు శ్రీకాకుళమో, విజయనగరమో వెళ్లి అక్కడి నుంచి ఆడేవారి సంగతి వేరు. 2020లో సవరించిన ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం కింద ఆడినవారూ శిక్షార్హులే. తెలంగాణ 2017లోనే ఆన్‌లైన్ పందేలను తన చట్టం పరిధిలోకి తెచ్చింది. మోసపోయినట్టు గుర్తించిన వెంటనే జాతీయ సైబర్ నేరాల సహాయ సంఖ్య 1930కి ఫోన్ చేసి, లావాదేవీ సంఖ్య, సొమ్ము చేరిన ఖాతా వివరాలు చెబితే, ఆ మొత్తం మరో ఖాతాకు తరలిపోకముందే నిలిపివేసే అవకాశం ఉంటుంది. ఏజెంటు నచ్చజెప్పే మాటలు వింటూ గడిపే ప్రతి గంటా ఆ అవకాశాన్ని తగ్గిస్తుంది.